ఉట్టి మొదలు సజ్జ వరకు

ఇల్లు ఇరుకైనదని విచారించువారు మనలో పెక్కుమంది. గోడలు నాటివే, వస్తువులు మాత్రము పెరిగినవి. వస్తువు ఇంటిలోనికి వచ్చుటకు అనేక మార్గములు, వెలికి పోవుటకు ఒక్కటియు లేకుండుట నేటి సంసారములలోని చిక్కు. మన పెద్దల ఇండ్లలో ఆ మార్గము ఎట్లుండెనో, ఎప్పుడు మూసుకొనిపోయెనో వీర్నపల్లిని, దాని చుట్టుపట్ల ఊళ్ళను ఉదాహరణముగా గైకొని పరిశీలింతము.

వీర్నపల్లి 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైనది. ఆ ప్రాంతమున లంబాడీ తండాలు పెక్కు కలవు. లంబాడీల పూర్వులు ఎడ్లపై ధాన్యము, ఉప్పు మోయించుచు దేశదేశములు తిరిగిన వర్తకులు. 17వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పది పన్నెండు వేల ఎడ్లతో సాగు బిడారులను గూర్చి వ్రాసెను. అట్టి బిడారులో సంసారమనగా ఎద్దు వీపున పట్టినంతయే. ఇంటి సామాను పెరిగినచో సరకునకు చోటు తగ్గును. దానితో లాభమును తగ్గును. స్త్రీల సొమ్ము చాలవరకు వారి ఒంటిమీదనే యుండెను: వెండి నగలు, అద్దములును గవ్వలును కుట్టిన దుస్తులు. పాతగుడ్డల ముక్కలు సహితము సంచులలోనికి, బొంతలలోనికి చేరెడివి. 19వ శతాబ్దమున బండిబాటలు, రైలు మార్గములు పెరిగి బిడారుల వర్తకము క్షీణింపగా, వారు తండాలలో స్థిరపడి వ్యవసాయము చేపట్టిరి. ఎద్దు వీపు విధించిన మేర అంతటితో తొలగెను.

ఊరిలోని రైతు ఇంటికి మేర వేరొకటి. అక్కడ ప్రతి వస్తువునకు ఒక స్థానముండెను. ధాన్యమునకు పేడ, మట్టి పూసిన గుమ్మి, పాలకు, పెరుగుకు పిల్లికందని ఉట్టి, దీపమునకు గోడలోని గూడు, బట్టలకు దండెము, తలపాగకు చిలుకకొయ్య, పప్పులకు, మిరపకాయలకు కుండల దొంతి. దొంతిలో పెద్దకుండ అడుగున, చిన్నది పైన నిలుచును. మరియొక కుండ పెట్టిన కొలది దొంతి ఎత్తు పెరుగును, కూలునను భయమును పెరుగును. ఆ భయమే ఇల్లాలికి హద్దు చెప్పెడిది.

స్థానముతో పాటు కాలనియమమును కలదు. దసరా పండుగకు ముందు బూజు దులిపి, సామానంతయు వాకిట పెట్టి, గోడలకు సున్నము, గడపలకు జాజు పూసెడివారు. వాకిట పెట్టిన దానిని తిరిగి లోనికి తెచ్చునప్పుడు, ఇది మనకు కావలెనా అను ప్రశ్న తనంతట పుట్టును. ఉగాదికి కొత్త కుండ వచ్చును; అంచు విరిగిన పాతది పెరటిలో కోళ్ళకు నీళ్ళ పాత్ర యగును. పాతచీరలు బొంతలగును. విరిగిన ఇనుము కమ్మరి కొలిమికి పోయి మరియొక పనిముట్టుగా తిరిగివచ్చును. అయితే ఈ దులుపుట, అలుకుట, సర్దుట అంతయు స్త్రీల రెక్కల కష్టమే. ఆ ఇంటి పొందికను పొగడి ఆ కష్టమును మరచుట న్యాయము కాదు.

1970ల తరువాత కాలము మారెను. సిరిసిల్లలో చేతిమగ్గముల చోట మరమగ్గములు పెరిగినవి. వానిని అక్కడివారు సాంచెలందురు. మరమగ్గపు బట్ట చవుక. చిరిగినది కుట్టుకొనుటకన్న కొత్తది కొనుట సులభమయ్యెను. ఆ రోజులలోనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి వేలకొలది పురుషులు గల్ఫు దేశములకు కూలికి వెళ్ళసాగిరి. సెలవుపై వచ్చునప్పుడు దుప్పట్లు, టేపురికార్డర్లు, అత్తరు సీసాలు తెచ్చిరి. పెంకుటిండ్లున్న చోట స్లాబు ఇండ్లు లేచినవి. ఉట్టి పోయెను, సజ్జ వచ్చెను. ఉట్టిలోని పాలు నిత్యము దిగును. సజ్జ ఎక్కిన పెట్టె ఏండ్లు గడచినను దిగదు.

ఆ పెట్టెను చూచి ఇల్లాలిని సోమరి యనరాదు. ఆ ఖాళీ అత్తరు సీసా వెనుక భార్యాభర్తల ఏండ్ల ఎడబాటు కలదు. పారవేయుమని చెప్పుట తేలిక, చేయుట కష్టము.

కాని ఆ రాశిలో కాగితములును కలిసిపోవుచున్నవి. హైదరాబాదు రాజ్యమున 1950లో వచ్చిన కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారునకు లభించిన పత్రము, 1971 నాటి చట్టము ననుసరించి ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకము, గల్ఫు కొలువు ఒప్పందము, పాసుపోర్టు నకలు - ఇవన్నియు ఆ సజ్జపైననే. భూమికి వివాదము వచ్చినను, పరదేశమున జీతము నిలిచిపోయినను, అక్కడ మనిషికి ప్రాణాపాయము కలిగినను, ఇంటనున్నవారు ముందుగా వెదుకవలసినవి ఈ కాగితములే. అవి దొరకని ఇంట చెత్త కేవలము కంటికి ఇంపుకాని వస్తువు కాదు. హక్కును మరుగుపరచు తెర.

కావున మేము చెప్పదలచినది ఇంతే. పెద్దలకు బీరువాలు తక్కువ. మేర, స్థానము, దినము అను మూడును వారికుండెను. ఈ దసరాకు మనమును సజ్జపైని సామానును ఒక్కసారి వాకిటికి దించుదము. కాగితములకు ఒక రేకుపెట్టె నేర్పరచి, అది ఎక్కడున్నదో ఇంటిలో ఇద్దరికైనను తెలియజేయుదము. జ్ఞాపకములకు ఒక గూడు విడుతము. మిగిలినది వాడుకొనువారికి ఇత్తము. దించు పనిని ఇల్లాలికొక్కతెకే విడువక ఇంటి మగవారును చేయి కలుపుదురు గాక.