ఎనిమిదవ హెన్రీ విదూషకుని తామ్రచిత్రము

మన దేశమున రాగిరేకు అనగానే దానశాసనము స్ఫురించును. రాజు భూమినిచ్చి, ఆ మాట ఆచంద్రతారార్కము నిలుచుటకై రేకుపై చెక్కించెడివాడు. ఐరోపా ఖండమున ఆ రేకే వేరొక పనికి వచ్చినది. చిత్రకారుడు సన్నని ఉక్కుమొనతో దానిపై గీతలు తవ్వి, వానిలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడి కాగితము పరచి యంత్రమున నొక్కును. అద్దమునందువలె కుడియెడమలు తారుమారగును గనుక అక్షరములను త్రిప్పి చెక్కవలసియుండును.

అట్టి చిత్రములలో ఒకటి విల్ సోమర్స్ అను హాస్యగానిది. ఇతడు ఇంగ్లాండు రాజగు ఎనిమిదవ హెన్రీ కొలువులోని విదూషకుడు. (ఈ హెన్రీయు మన శ్రీకృష్ణదేవరాయలును 1509వ సంవత్సరముననే రాజ్యమునకు వచ్చిరి.) చెక్కినవాడు ఫ్రాన్సిస్ డెలరామ్. చిత్రమున సోమర్స్ నిలువెత్తున నిలిచి, కొమ్ము ధరించియున్నాడు. అంగీ ఱొమ్ముపై హెచ్, ఆర్ అను అక్షరములు గలవు. లాటిను భాషలో హెన్రీ రాజు అని వాని యర్థము. తన వింతవేషమును గూర్చి అతడే చూపరితో పలుకుచున్నట్లు క్రింద ఆంగ్లపద్యమొకటి కూర్చబడినది.

చూచినవారు ఇదియే ఆతని ముఖమని నమ్ముదురు. కాని సోమర్స్ 1560లో మరణించెను. డెలరామ్ పనిచేసినది 1615 మొదలు 1624 వఱకు గల కాలమున. అనగా నడుమ అర్ధశతాబ్దికి మించి గడచినది; చెక్కినవాడు ఆ మనిషిని కన్నులార చూచియుండుట అసంభవము. ఆ నడిమి కాలమున సోమర్స్ కథాపురుషుడైపోయెను. 1600లో రాబర్ట్ ఆర్మిన్ అను హాస్యనటుడు, ఇతడు బక్కపలుచనివాడనియు, గుంటకన్నులవాడనియు, వంగి నడచెడివాడనియు గ్రంథమున వర్ణించెను. 1605లో అచ్చైన శామ్యూల్ రౌలీ నాటకమున ఇతడొక పాత్ర. మన తెనాలి రామకృష్ణకవికిని ఇట్టి గతియే పట్టినది గదా! పాండురంగ మాహాత్మ్యము రచించిన మహాకవిని జనులు చాటుకథలలోని కొంటెవానిగానే ఎక్కువగా ఎఱుగుదురు.

సోమర్స్ బ్రతికియున్ననాటి చిత్రములు వేఱు. 1540 ప్రాంతమున రాజు కొఱకు లిఖింపబడిన కీర్తనల గ్రంథమున హెన్రీ దావీదువలె వీణ వాయించుచుండగా, ఇతడు పెడమొగము పెట్టి ప్రక్కన నిలిచియున్నాడు. దేవుడు లేడని తలచు బుద్ధిహీనుని గూర్చిన కీర్తనకు వేసిన బొమ్మ యది. 1545 ప్రాంతపు రాజకుటుంబ చిత్రమున హెన్రీ నడుమ కొలువుదీరి యుండగా, అంచున ఒక ద్వారమందు కోతితో నిలిచినవాడు సోమర్సేయని పండితుల యభిప్రాయము. కొలువున అతనికి దొరకిన చోటు ఆ అంచే. కాగితమంతయు అతనికే ఇచ్చినవాడు డెలరామ్.

వీనికంటె మేలైన సాక్ష్యము రాజు వస్త్రాగారపు లెక్కలలో నున్నది. 1535లో విదూషకునికై కుట్టించిన ఉడుపులలో పచ్చని అంగీయు టోపీయు, వానికి ఎఱ్ఱని కుచ్చుల అంచును పద్దుపడినవి. లెక్క వ్రాయువానికి పరిహాసముతో పని లేదు. ఏ గుడ్డ, ఎవరికి, అంతమాత్రమే. తామ్రచిత్రము సిరా నలుపుననే ముద్రితమగును గనుక ఆ పచ్చదనము అందు కానరాదు. అయినను రాజు ఇచ్చిన బట్టయే కట్టినవాని ఱొమ్మున రాజు అక్షరములు చెక్కుట అన్యాయము కాదు. ముఖము మాట ఎట్లున్నను, ఆ అక్షరములు నమ్మదగినవి.

1551 నాటి పద్దు మనసును కలచును. సోమర్స్‌ను కనిపెట్టియుండుటకు నియమింపబడిన మనిషికి 40 షిల్లింగులు చెల్లించిరి. చతురుడైన హాస్యగానికి కాపరి యెందులకు? ఇతడు లోకజ్ఞానము చాలని అమాయకుడై యుండునని కొందఱు చరిత్రకారులు ఊహించుటకు ఇట్టి పద్దులే ఆధారము. కథలలోని చమత్కారములలో పెక్కు పిమ్మటివారు అతని నోట పెట్టినవే కావచ్చును. సభ నవ్వినది అతని మాటకో, అతని తీరుకో!

హెన్రీ 1547లో గతించిన పిదప కుమారుడు ఎడ్వర్డును, పిమ్మట మేరీయు అతనిని పోషించిరి. 1559లో ఎలిజబెత్ పట్టాభిషేకమును గూడ అతడు చూచెను. మరుసటి యేట మరణింపగా లండను పొలిమేరలోని షోర్‌డిచ్ దేవాలయమున పాతిపెట్టిరి.