చెవి చదువు

అనంతపురం జిల్లా బెళుగుప్పలో ఒక శనివారము రాత్రి భజన విన్నాము. వాన మొగము చాటేసిన ఏడు అది. పాట ఎత్తుకొన్న పెద్దాయన హెచ్చు శ్రుతిలో ఎత్తుకొని, గొంతు అందక, చరణమునకు ముందు ఆగి, శ్రుతి దించి మరల ఎత్తుకొన్నాడు. హార్మోనియము వాయించే కుర్రవాడు మెట్లు మార్చుకొన్నాడు గాని, కూడ పాడేవారిలో ఒక్కరికైనా పాట మారినట్లు తోచలేదు.

మన స్వరములకు స్వతంత్రమైన ఎత్తు లేదు. ఆధార షడ్జమును ఎక్కడ నిలిపితే అదే 'స'. దానినుండి ఉన్న దూరమును బట్టియే తక్కినవాటికి పేర్లు. ఒకటిన్నర శ్రుతిలో పాడినా, అయిదు శ్రుతిలో పాడినా గాంధారము గాంధారమే. కనుక చెవికి నేర్పవలసినది ఆ దూరమును. ఇటలీలో గీడో అను క్రైస్తవ సన్యాసి 11వ శతాబ్దిలో ఆరు అక్షరములతో గాయకబాలురకు ఇట్టి పాఠమే కట్టినాడు. వాటిలో 'మి', 'ఫా'ల నడుమ మాత్రము ఎడము తక్కువ. ఆ ఇరుకు చోటు గుర్తుపట్టితే మిగిలినవి దొరుకుతవి.

ఆ రాత్రి పాటలలో ఒకటి కన్నడ దాసరపదము. అది విచిత్రము కాదు. బెళుగుప్పకు వాయవ్యముననే విజయనగరము. సరళి, జంట, అలంకారముల క్రమమును అక్కడి పురందరదాసు (1484–1564) ఏర్పరచినాడని పరంపరగా చెప్పుకొంటున్నాము. అయితే ఆ కాలపు శాస్త్రగ్రంథము వేరొక దారి చూపుతున్నది. అళియ రామరాయల కోరికపై రామామాత్యుడు 1550లో రచించిన 'స్వరమేళకళానిధి'లో 20 మేళములున్నవి. శుద్ధస్వరముల మేళము ముఖారి (నేటి ముఖారి కాదు). గ్రంథమును అనుసరించితే పిల్లలకు అదే తొలిపాఠము కావలెను. కాలేదు, మాళవగౌళ అయినది. దానికి 'మాయా' అను మాట తరువాత కటపయాది లెక్క కొరకు చేరినది: మా 5, యా 1, తిరగవేస్తే 15.

కారణము చెవియే అని మా ఊహ. నాటి ముఖారిలో స, రి, గ మూడును పక్కపక్క మెట్లు. లేత చెవికి రి ఏదో గ ఏదో తెలియదు. మాళవగౌళను హార్మోనియము మీద లెక్కించండి: స నుండి రి ఒక మెట్టు, రి నుండి గ మూడు, గ నుండి మ ఒకటి. ప, ద, ని, పై స మధ్య కూడ అచ్చముగా అదే కొలత. క్రింది సగము వచ్చిన పిల్లవానికి పై సగము తెలిసిన ఇంటికి పోయినట్లే. పండితుడు శుద్ధస్వరములతో ఆరంభిస్తే, ఉపాధ్యాయుడు పిల్లవానితో ఆరంభించినాడు.

హార్మోనియము మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన సూక్ష్మ శ్రుతులు, గమకములు దానిపై పలకవని 1940 మార్చి 1 నుండి రేడియోలో దానిని నిషేధించినారు. ఆ నిషేధము 1971లో సడలినది. అభ్యంతరము న్యాయమే. కాని తంబూర కొనలేని, సంగీతపు పంతులు రాని ఊరికి షడ్జము ఎవరు ఇవ్వవలెను?

భజన ముగిసిన పిమ్మట కుర్రవానిని 'స' ఒక్కటే నొక్కి ఉంచుమని, పెద్దాయనను పంచమము అందుకొనుమన్నాము. "పంచమమంటే ఏది సామీ?" అన్నాడు. ఆయన పాడిన పాటలోనే చరణము ఎత్తుకొనే చోటు అని చెప్పినాము. కన్నులు మూసుకొని, తడుముకొనకుండ, సరిగా దానిమీదనే నిలిచినాడు.