తట్టు తీసిన చూపు

పి.గన్నవరం వద్ద వైనతేయ పాయపై 1852లో వెలసిన అక్విడెక్టు, 49 కమానుల మీదుగా కాలువను దాటించి, గోదావరి నీటిని నగరం దీవికి అందించింది. ఆ నీటితో పండినది వరి. అన్నం ఆకలిని తీరుస్తుందే గాని, కంటికి అవసరమైన 'ఎ' విటమినును ఇవ్వజాలదు. ఏ సీమలోనైనా అన్నమే సర్వస్వమైన పసివానికి తట్టు సోకినప్పుడు ఈ లోటు బయటపడేది.

తట్టును చర్మవ్యాధిగా భావించడం పొరపాటు. దగ్గు, తుమ్ములతో గాలిలో వ్యాపించి, శ్వాసమార్గాన ప్రవేశించే వైరస్ వ్యాధి అది. ఒంటిపై దద్దులు కనిపించక ముందే జ్వరము, జలుబు, దగ్గు మొదలవుతాయి, కన్నులెర్రబడి నీరు కారుతాయి, వెలుతురు సహింపరాదు. మశూచి వేరు, తట్టు వేరు అని పారశీక వైద్యుడు అల్ రాజీ వేయి సంవత్సరాల క్రిందటనే గ్రంథస్థం చేశాడు. మన పల్లెలలో మాత్రం రెంటినీ అమ్మవారుగానే తలచి, వేపమండలు కట్టి, బిడ్డను చీకటిగదిలో పరుండబెట్టేవారు. చీకటి కంటికి హాయినిచ్చిన మాట నిజమే. కాని చూపును హరించేది వెలుతురు కాదు.

తట్టు శరీరంలోని 'ఎ' విటమిను నిల్వను హరిస్తుంది. దానికి విరేచనాలూ, పథ్యం పేరిట పస్తులూ తోడైతే నల్లగుడ్డు పొడిబారి, మెత్తబడి, పుండు పడుతుంది. ఆపైన ఆకుపసరు పిండితే పుండు ముదిరి, కంట పువ్వు శాశ్వతంగా మిగులుతుంది.

ఈ అంధత్వాన్ని నివారించే యత్నంలో తెలుగుదేశానికీ పాత్ర ఉన్నది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థ కృషి ఆధారంగా, పసిపిల్లలకు ఆరు నెలలకొక పర్యాయం 'ఎ' విటమినును ఇచ్చే పథకం 1970లో ఆరంభమైనది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తట్టు టీకా చేరినది. తట్టు సోకిన బిడ్డకు వైద్యులు వరుసగా రెండు దినాలు ఈ విటమినునే ఇస్తారు.

జ్వరంతో, దగ్గుతో కన్నులెర్రబడిన బిడ్డకు కావలసినది పసరు కాదు, పస్తు కాదు, వైద్యుడు. కోలుకున్న బిడ్డకు పెరటిలోని మునగాకు, తోటకూర, బొప్పాయి అన్నంతోపాటు అందాలి. టీకా వేయించిన ఇంట ఈ భయానికే తావు తక్కువ.