టుసు పాట, గొబ్బి పాట

చలికాలం అంటే బెంగాలీవాళ్ళకి ఎంత ఇష్టమో బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఐటీపీఎల్ చుట్టూ కంపెనీలు వచ్చాక ఈ ప్రాంతానికి తెలుగు కుటుంబాలతో పాటు బెంగాలీ కుటుంబాలు కూడా చాలా వచ్చాయి. నవంబరు చివరికి మనం ఇంకా స్వెట్టర్ వెతుక్కుంటూ ఉంటాం, వాళ్ళ పిల్లలు అప్పటికే మంకీ క్యాపులు పెట్టుకుని స్కూల్ బస్సు కోసం నిలబడి ఉంటారు. మనం నవ్వుకుంటాం. కానీ వాళ్ళ చలికాలంలో ఒక పెద్ద చరిత్ర ఉంది. అందులో ఒక ముక్క మన తెలుగువాళ్ళ చరిత్రకు బాగా దగ్గరగా ఉంది. అందుకే ఈ వ్యాసానికి ఆ విషయం తీసుకున్నాను.

ముందు నెలల సంగతి చెప్తాను. బెంగాలీ పంచాంగం సూర్యుడి లెక్కతో నడుస్తుంది. వాళ్ళ పౌష మాసం డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి వరకు ఉంటుంది. అంటే అది సరిగ్గా మన ధనుర్మాసమే. మనం నెలపట్టు పట్టి రోజూ ముగ్గులు వేసే రోజుల్లోనే వాళ్ళూ పండగ నెలలో ఉంటారు. అది మకర సంక్రాంతితో ముగుస్తుంది. వాళ్ళు ఆ పండగను పౌష సంక్రాంతి అంటారు.

రెండు చోట్లా ఆ నెల పండగ నెల కావడానికి కారణం ఒక్కటే, కొత్త ధాన్యం ఇంటికి రావడం. బెంగాల్‌లో వానాకాలంలో నాటే వరిని ఆమన్ అంటారు. నవంబరు, డిసెంబరు నెలల్లో అది కోతకు వస్తుంది. పౌషానికి ముందు నెల, అగ్రహాయణంలో నవాన్నం అనే పండగ చేస్తారు. పేరులోనే ఉంది, నవ అన్నం. కొత్త బియ్యం, పాలు, బెల్లం, కొబ్బరి కలిపి ముందు దేవుడికీ పితృదేవతలకీ పెట్టి, కాకులకు కూడా వేసి, ఆ తరవాతే ఇంట్లోవాళ్ళు తింటారు. మన పల్లెల్లో పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చులు చూరుకు కట్టడం ఇలాంటిదే కదా.

చలికాలంలో వాళ్ళకు అన్నిటికన్నా ఇష్టమైనది నొలెన్ గుడ్, అంటే కొత్త బెల్లం. ఇది చెరకు బెల్లం కాదు. ఈత చెట్టు నుంచి వస్తుంది. మన ఊళ్ళలో కల్లు గీసే ఈత చెట్టే అది. అక్కడ చెట్టు గీసేవాళ్ళను శియులి అంటారు. సాయంత్రం చెట్టెక్కి, గీత పెట్టి, కుండ కట్టి దిగుతారు. రాత్రి ఎంత చలిగా ఉంటే రసం అంత తేటగా, తియ్యగా దిగుతుంది. తెల్లవారుజామునే కుండ దించాలి. ఎండ తగిలిందంటే పులుస్తుంది. ఆ రసాన్ని వెడల్పాటి పాత్రలో గంటల తరబడి కాస్తే బెల్లం అవుతుంది. మన దగ్గర కల్లయ్యే రసం వాళ్ళ దగ్గర బెల్లం అవుతోంది. ఆ బెల్లంతోనూ, కనకచూర్ అనే వరి పేలాలతోనూ జయనగర్ మోవా అనే లడ్డూ చేస్తారు. మన బెంగళూరు జయనగర్ కాదండీ, దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉన్న జయనగర్. ఆ మోవాకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సంక్రాంతికి పిఠేలు చేస్తారు. కొత్త బియ్యప్పిండితో చేసే వంటలన్నిటికీ అదే పేరు. పల్చటి అట్టు పోసి లోపల కొబ్బరి, బెల్లం పెట్టి చుడితే పాటిసాప్టా. పాలలో ఉడికిస్తే దూధ్ పులి. మా పక్కింటి బెంగాలీ ఆంటీ గిన్నెలో పెట్టి ఇచ్చిన దూధ్ పులి చూసి మా అమ్మమ్మ, "ఇదేంటే, మన పాల ఉండ్రాళ్ళకి లోపల లౌజు పెట్టినట్టుంది" అంది. తిరిగి ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో నాలుగు అరిసెలు పెట్టి నన్నే పంపింది. అరిసెలకు కూడా కొత్త బియ్యమే కదా కావాల్సింది.

ఇంతవరకు తిండి సంగతి. ఇక అసలు విషయానికి వస్తాను.

పశ్చిమ బెంగాల్‌కు పడమటి చివర పురూలియా అనే జిల్లా ఉంది. ఎర్రమట్టి నేల, ఎక్కువగా బీద రైతులు, కూలీలు. అక్కడ పౌష మాసమంతా ఆడపిల్లలు టుసు అనే దేవతను కొలుస్తారు. ఒక మట్టి మూకుట్లో వరి పొట్టు పోసి, దాని మీద ఆవుపేడ ఉండలు పెట్టి, గరిక, బంతిపూలు అలంకరిస్తారు. రోజూ సాయంత్రం చుట్టూ కూర్చుని పాటలు పాడతారు. పూజారి లేడు, మంత్రం లేదు. పాటే పూజ. సంక్రాంతి ముందు రాత్రి జాగారం చేసి, తెల్లవారాక రంగు కాగితాలతో కట్టిన చౌడల్‌లో టుసును ఊరేగించి ఏట్లోనో చెరువులోనో కలుపుతారు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన గొబ్బెమ్మలు గుర్తొచ్చాయి. ఆవుపేడ, పూలు, చుట్టూ తిరుగుతూ పాడే ఆడపిల్లలు, అదే నెల. 15వ శతాబ్దపు అన్నమయ్య కూడా గొబ్బి పాట రాశాడంటే మన ఆచారం ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

టుసు పాటలకు ఒక ప్రత్యేకత ఉంది. పాత పాటలే పాడాలని నియమం లేదు. అత్తింటి కష్టాలు, ధరలు, ఊళ్ళో జరిగిన సంగతులు, ఏదైనా అప్పటికప్పుడు పాటలో కట్టేస్తారు. ఈ అలవాటే తరవాత ఒక ఉద్యమానికి పనికొచ్చింది.

పురూలియా అప్పట్లో మాన్‌భూమ్ అనే పెద్ద జిల్లాలో ఉండేది. బ్రిటిష్‌వాళ్ళు 1912లో బిహార్, ఒరిస్సా కలిపి కొత్త రాష్ట్రం చేసినప్పుడు మాన్‌భూమ్‌ను బెంగాల్ నుంచి తీసి అందులో కలిపారు. అక్కడ బెంగాలీ మాట్లాడేవాళ్ళు చాలా ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అక్కడి బడుల్లో బెంగాలీని తప్పించి హిందీ పెట్టడం మొదలైంది. దాన్ని ఒప్పుకోని అతుల్ చంద్ర ఘోష్, లావణ్యప్రభ ఘోష్ మొదలైన గాంధేయవాదులు కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి అదే ఏడాది లోక్ సేవక్ సంఘ్ పెట్టారు.

ఇక్కడ మన కథ వచ్చి కలుస్తుంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహార దీక్షలో ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మిగతా భాషలవాళ్ళు కూడా అడగడంతో కేంద్రం 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం వేసింది. సరిగ్గా ఆ మరుసటి నెల, 1954 జనవరిలో, మాన్‌భూమ్‌లో టుసు సత్యాగ్రహం మొదలైంది. పౌష మాసంలో ప్రతి ఊళ్ళో ఎలాగూ టుసు పాడతారు. ఆ పాటల్లోనే తమ భాష సంగతి కట్టి పాడారు. భజహరి మహతో లాంటి పల్లె కవులు రాసిన పాటలు ఊరూరా పాకాయి. పాడినందుకు జనం జైళ్ళకు వెళ్ళారు. వాటిలో ప్రసిద్ధి చెందిన ఒక పాట బిహారీలను శత్రువులని అనకుండా తమ్ముడూ అన్నట్టే పిలిచి, కర్ర చూపించి మమ్మల్ని ఉంచుకోలేరని చెప్తుంది. నాకు ఆ మర్యాద బాగా నచ్చింది.

1956లో బెంగాల్, బిహార్ రెండూ కలిపేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ ఏప్రిల్ 20న పాక్‌బిర్రా అనే ఊరి నుంచి వెయ్యి మందికి పైగా కాలినడకన బయల్దేరారు. దాదాపు 300 కిలోమీటర్లు నడిచి మే 6న కలకత్తా చేరారు. దారి పొడుగునా టుసు పాటలు పాడుతూనే ఉన్నారు. చివరికి విలీనం ఆలోచన ఆగిపోయింది. మాన్‌భూమ్‌లో కొంత భాగం పురూలియా జిల్లాగా పశ్చిమ బెంగాల్‌లో చేరింది.

అది చేరిన తేదీ 1956 నవంబరు 1. అదే రోజు ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజు కన్నడ ప్రాంతాలన్నీ ఒక రాష్ట్రంగా కలిశాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అదే రోజు అమల్లోకి వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణ 350ఎ అధికరణను చేర్చింది. ఒక రాష్ట్రంలో భాషాపరంగా తక్కువగా ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని అది చెప్తుంది. ఎక్కడ గీత గీసినా కొంతమంది అవతల మిగిలిపోతారు కాబట్టి వాళ్ళ కోసం ఆ మాట రాశారు. అలా మిగిలినవాళ్ళలో మనం కూడా ఉన్నాం. మన లాంటి బడులకు ఉన్న హక్కు 30వ అధికరణతో పాటు ఇలాంటి పోరాటాల నుంచి వచ్చిందే.

అయితే హక్కు ఉంటే సరిపోతుందా? మాన్‌భూమ్ జనానికి హక్కు లేనప్పుడు కూడా పాట ఉంది. బడి పుస్తకాన్ని ఒక ఉత్తర్వుతో మార్చగలిగారు. అమ్మమ్మల దగ్గర పిల్లలు నేర్చుకున్న టుసు పాటను మార్చలేకపోయారు. మనకు ఇక్కడ అలాంటి ఒత్తిడి ఏమీ లేదు. కన్నడ మనం ఉంటున్న నేల భాష, దాన్ని బాగా నేర్చుకోవాలి. సంక్రాంతికి పక్కవాళ్ళు తెచ్చే నువ్వులు బెల్లం తిని మంచి మాట మాట్లాడాలి. కానీ మన పాట మనం మర్చిపోతే దానికి ఎవరినీ అనడానికి లేదు. బ్రూక్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఆవుపేడ దొరకడం కష్టం, వాకిలి అంటే లిఫ్టు ముందు రెండడుగుల చోటు. అయినా పాటకు పేడా అక్కర్లేదు, వాకిలీ అక్కర్లేదు. మా తరగతిలో అడిగితే గొబ్బి పాట మొత్తం నోటికి వచ్చినవాళ్ళు ఇద్దరే. సినిమా పాటలు మాత్రం అందరికీ వచ్చు.

నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవానికి మన వీధుల్లో పసుపు, ఎరుపు జెండాలు కడతారు. ఈసారి ఆ జెండా చూసినప్పుడు పురూలియా ఆడపిల్లలను కూడా ఒకసారి తలుచుకోండి. తరవాత ధనుర్మాసం వచ్చేలోపు ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి ఒక్క గొబ్బి పాట చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకోండి. నేను మా అమ్మమ్మ దగ్గర మూడు రాసుకున్నాను. నాలుగోది ఆమెకు సగమే గుర్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా మిగతా సగం తెలిసి ఉండొచ్చు. బడిలో కలిసినప్పుడు అడుగుతాను.