కాశీలో గంగా విహారం: పడవను ఎంచుకొనే విధానం

కాశీ నగరం గంగానదికి పడమటి ఒడ్డున ఉన్నది. దక్షిణాన అసి సంగమం మొదలుకొని ఉత్తరాన వరణా సంగమం వరకు సుమారు 7 కిలోమీటర్ల పొడవున రాతి మెట్లు నదిలోకి దిగుతాయి. ఈ మెట్ల వరుసలనే ఘట్టాలు అంటారు. స్థానికులు ఘాట్ అని పలుకుతారు. వాటి సంఖ్య 84 అని వాడుక. ఇరుకు సందులలో నడిచి వచ్చే యాత్రికునికి ఒక్కొక్క ఘట్టమే కనిపిస్తుంది. నగరం ముఖం మొత్తం కనిపించేది నీటి మీది నుండే.

తెలుగువారికి కాశీతో అనుబంధం పాతది. చెన్నపట్నవాసి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన రచించిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. నేడు హోసూరు, బళ్ళారి, బరంపురం, చంద్రాపూర్, యానాం ప్రాంతాల కుటుంబాలు రైలులో వెళ్ళి రెండు మూడు రోజులుండి తిరిగి వస్తున్నాయి. ఆ కొద్దిపాటి వ్యవధిలో గంగపై విహారానికి దొరికేది సాధారణంగా ఒక్క పూటే. వృద్ధులకు అది జీవితంలో ఒక్కసారి జరిగే విహారం కావచ్చు.

అయినా ఎక్కువమంది ఒడ్డున ఎదురుపడిన మొదటి మనిషితో ధర ఒక్కటే మాట్లాడి పడవ ఎక్కుతారు. ధరకు ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి: దేని కోసం, ఏ వేళ, ఎవరెవరితో. ఈ మూడూ తేలితే ఏ పడవ కావాలో దానంతట అదే తేలుతుంది. బేరానికి లొంగకూడనిది మాత్రం ఒక్కటే, అది ప్రాణరక్షణ.

దేని కోసం?

కాశీలో పడవ ప్రయాణాలు అన్నీ ఒకే రకమైనవి కావు. ముఖ్యంగా నాలుగు విధాలు కలవు.

మొదటిది ఉదయ విహారం. గంగ కాశీలో దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవహిస్తుంది. ఘట్టాలు తూర్పు ముఖంగా ఉంటాయి. ఎదుటి ఇసుక తిన్నెల మీదుగా ఉదయించే సూర్యుని వెలుగు నేరుగా మెట్లపై, కోటలపై, గోపురాలపై పడుతుంది. ఘట్టాలను చూడదలచినవారికి దీనికి మించిన వేళ లేదు. కాశీలో సూర్యోదయం జూన్‌లో 5 గంటలు దాటిన కొద్ది నిమిషాలకే అవుతుంది, జనవరిలో 6.45 ప్రాంతాన అవుతుంది. అరగంట ముందుగా పడవలో ఉండాలి.

రెండవది సాయంకాలపు హారతి. దశాశ్వమేధ ఘట్టం వద్ద ప్రతి సాయంత్రం గంగాహారతి జరుగుతుంది. వేసవిలో 7 గంటల ప్రాంతాన, చలికాలంలో 6 గంటల ప్రాంతాన మొదలై సుమారు ముప్పావుగంట సాగుతుంది. అర్చకులు నదికి అభిముఖంగా నిలుస్తారు కనుక పడవలోని వారికి హారతి ఎదురుగా కనిపిస్తుంది. అయితే ఒక సంగతి ముందే గ్రహించాలి. హారతి పడవ చాలాసేపు కదలదు. వందల పడవలు ఒకదానికొకటి ఆనుకొని నిలుస్తాయి. ఆలస్యంగా వచ్చిన పడవకు వెనుక వరుసలో చోటు దొరుకుతుంది. హారతికీ, ఘట్టాల దర్శనానికీ కలిపి ఒకే ధర చెప్పినప్పుడు ఘట్టాలు ఎంతవరకు చూపుతారో స్పష్టంగా అడగాలి. చీకటిలో చూపితే చూసినట్టు కాదు.

మూడవది పంచతీర్థ యాత్ర. సంప్రదాయ క్రమంలో అసి, దశాశ్వమేధం, వరణా సంగమం వద్ద ఆదికేశవం, పంచగంగ, చివరకు మణికర్ణిక. అంటే ప్రవాహం వెంట ఉత్తరపు కొస దాకా వెళ్ళి, తిరిగి ఏటికి ఎదురు రావాలి. ప్రతిచోటా దిగి స్నానం, సంకల్పం చేసుకోవలసి ఉంటుంది. సగం పూట పైగా పట్టే ఈ యాత్రకు తెడ్ల పడవ పనికిరాదు. మోటారు పడవను మొత్తంగా మాట్లాడుకోవాలి. ప్రతి తీర్థం వద్ద ఎంతసేపు ఆగాలో పడవవానికి ముందే చెప్పాలి.

నాల్గవది పితృకార్యాల కోసం, ముఖ్యంగా అస్థి నిమజ్జనం కోసం వెళ్ళే పడవ. దీనిని విహారంతో కలపకుండా ఉండటమే మర్యాద. పురోహితుని ద్వారా మాట్లాడుకున్నప్పుడు పడవ కూలి సంభావనలో కలిసి ఉన్నదో, వేరుగా ఇవ్వాలో ఒడ్డుననే తేల్చుకోవాలి.

ఏ పడవ?

తెడ్ల పడవ చిన్నది. శబ్దం లేదు, పొగ లేదు. ఘట్టానికి దగ్గరగా, మెల్లగా సాగుతుంది. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ఉదయవేళ ఇదే ఉత్తమం. అసి వద్ద ఎక్కి ప్రవాహం వెంట దిగువకు సాగితే తెడ్డు వేసేవానికి శ్రమ తక్కువ, సమయమూ తక్కువ. దశాశ్వమేధం నుండి అసికి రావాలంటే ఏటికి ఎదురు కనుక ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ఎక్కినచోటికే తిరిగి రావాలన్న పట్టుదల లేనివారు అసి నుండి మణికర్ణిక వైపు వెళ్ళి, దశాశ్వమేధం దగ్గర దిగిపోవడం మేలు.

మోటారు పడవ పెద్దది, వేగమైనది. పదిమందికి మించిన బృందాలకు, తక్కువ సమయంలో మొత్తం ఘట్టాలు చూడదలచినవారికి అనుకూలం. ఇటీవలి సంవత్సరాలలో చాలా పడవలకు డీజిలు ఇంజన్లకు బదులు సి.ఎన్.జి. ఇంజన్లు అమర్చారు. డీజిలు పడవలో వెనుక కూర్చున్నవారికి పొగ, వాసన తప్పవు. ఆయాసం ఉన్నవారిని తీసుకువెళ్ళేటప్పుడు ఇంజను ఏదో అడగాలి.

బజ్రా అనేది రెండంతస్తుల పెద్ద పడవ. పైభాగం నుండి హారతి బాగా కనిపిస్తుంది. కాని పై అంతస్తుకు నిటారు మెట్లు ఉంటాయి. పైన జనం ఎక్కువైతే పడవ నిలకడ తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారిని, చిన్నపిల్లలను క్రింది భాగంలోనే కూర్చుండబెట్టాలి.

క్రూయిజ్ పేరుతో నడిచే ఆధునిక నౌకలు నాల్గవ రకం. 2018లో అలకనంద నౌకతో ఇవి మొదలయ్యాయి. టిక్కెట్టు ముందుగా కొనవచ్చు, ధర తలకు స్థిరంగా ఉంటుంది, బేరం ఉండదు. కుర్చీలు, మరుగుదొడ్డి, గట్టి కమ్మీలు ఉండటం వృద్ధులకు పెద్ద సౌకర్యం. అయితే ఇవి ఘట్టాలకు దూరంగా సాగుతాయి, కోరినచోట ఆగవు. ఎక్కే చోటు బస నుండి దూరమేమో చూసుకోవాలి.

దక్షిణాది యాత్రికులలో చాలామంది కేదార, మానసరోవర, హనుమాన్ ఘట్టాల పరిసరాలలోనే బస చేస్తారు. ఆంధ్రాశ్రమం ఉన్నది ఈ ప్రాంతంలోనే. ఈ ఘట్టాలలో కూడా పడవలు దొరుకుతాయి. పడవ కోసమే జనసమ్మర్దమైన దశాశ్వమేధం దాకా నడవనక్కరలేదు.

నీటి మీది నుండి కనిపించే తెలుగు గుర్తులు

పడవవారు ప్రతి ఘట్టం పేరు చెబుతారు గాని తెలుగువారికి సంబంధించిన సంగతులు చెప్పేవారు అరుదు. అసి నుండి బయలుదేరినవారికి ముందుగా వచ్చేది తులసీ ఘట్టం. తరువాత కోటగోడలతో చేత్‌సింగ్ ఘట్టం కనిపిస్తుంది. ఆపైన హనుమాన్ ఘట్టం. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు 16వ శతాబ్దంలో ఇక్కడే గంగాప్రవేశం చేశారని సంప్రదాయం. దాని సమీపంలో కర్ణాటక ఘట్టం, తరువాత హరిశ్చంద్ర ఘట్టం, ఆపైన విజయనగరం ఘట్టం వస్తాయి. ఈ చివరిది విజయనగర సంస్థానాధీశుల పేరున వెలసినది. దాని ప్రక్కనే ఎరుపు, తెలుపు చారలతో కేదారేశ్వరాలయం కనిపిస్తుంది.

దశాశ్వమేధం దాటాక మానమందిరం, చెక్క శిల్పాల నేపాలీ ఆలయం ఉన్న లలితా ఘట్టం, మణికర్ణిక, ఒరిగిన ఆలయం ఉన్న సింధియా ఘట్టం, నాగపూరు రాజుల భోంస్లే ఘట్టం వరుసగా వస్తాయి. పంచగంగా ఘట్టం దగ్గర త్రైలింగ స్వామి మఠం ఉన్నది. ఆయన విజయనగరం ప్రాంతంలో జన్మించి, కాశీలో స్థిరపడి, 1887లో సిద్ధి పొందారు. కేవలం దశాశ్వమేధం వరకు, లేదా మణికర్ణిక వరకు మాత్రమే వెళ్ళే పడవలో పంచగంగ రాదు. దానిని చూడదలచినవారు ముందే చెప్పాలి.

హరిశ్చంద్ర, మణికర్ణికా ఘట్టాలు శ్మశాన ఘట్టాలు. అక్కడ ఫోటోలు తీయరాదు. అక్కడ దిగమని ఎవరైనా బలవంతం చేసి కట్టెల కోసం విరాళం అడిగితే, ఇవ్వవలసిన నిర్బంధమేదీ లేదు.

ఏ ఋతువులో?

వానకాలంలో, ముఖ్యంగా జులై నుండి సెప్టెంబరు వరకు, గంగ ఉద్ధృతంగా ఉంటుంది. కాశీ వద్ద ప్రమాదస్థాయి 71.262 మీటర్లు. నీరు పెరిగినప్పుడు ఘట్టాల మెట్లు మునిగిపోతాయి, హారతి స్థలం పైకి మారుతుంది, అధికారులు పడవలను నిషేధిస్తారు. నిషేధం ఉన్న రోజున ఎక్కువ సొమ్ము ఇస్తే తీసుకువెళతానన్నవాని మాట వినకూడదు.

డిసెంబరు, జనవరి నెలలలో దట్టమైన మంచు కురుస్తుంది. అటువంటి ఉదయం సూర్యుడూ కనిపించడు, ఎదుటి పడవా కనిపించదు. ఆ రోజులలో మంచు విడిచాక, 9 గంటల తరువాత వెళ్ళడం మంచిది. కార్తికమాసంలో వాతావరణం చక్కగా ఉంటుంది. కాని కార్తిక పూర్ణిమనాడు దేవదీపావళి జరుగుతుంది. ఆనాటి పడవలకు చాలా ముందుగానే మాటలు జరుగుతాయి, ధరలు అనేక రెట్లు పెరుగుతాయి, నదిపై రద్దీ అత్యధికం. దీపాలు చూడాలన్న కోరిక లేని కుటుంబం ఆ తిథికి నాలుగు రోజులు ఇటో అటో వెళ్ళడం సుఖం.

బేరం

తగాదాలలో చాలా భాగం ఒక్క మాట దగ్గర పుడతాయి. చెప్పిన ధర తలకా, మొత్తం పడవకా? హిందీలో "పూరీ నావ్" అంటే మొత్తం పడవ. "ఏక్ సవారీ" అంటే ఒక మనిషికి. బయలుదేరే ఘట్టం, చివరి ఘట్టం, ఎంతసేపు, దిగేచోటు అనే నాలుగు సంగతులను ధరతో కలిపి చెప్పించుకోవాలి. ఇద్దరు ముగ్గురిని అడిగాకనే నిర్ణయించాలి. ఆటోవాడు గాని, బస యజమాని గాని తీసుకువచ్చిన పడవలో వారి వాటా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. సొమ్ము దిగిన తరువాతనే ఇవ్వాలి.

గ్రామాల నుండి బస్సు యాత్రలలో వెళ్ళేవారికి నిర్వాహకుడే పడవ కుదురుస్తాడు. ఖర్చు తగ్గించుకొనేందుకు బస్సులోని వారందరినీ ఒకే పడవలో ఎక్కించబోతే, రెండు పడవలు కావాలని అడిగే హక్కు యాత్రికులకు ఉన్నది.

ప్రాణరక్షణ

2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారం నాడు, విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో అనుమతి లేని విహారపు పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న పడవ, గోదావరి వరదలో ఉండగా, కచ్చులూరు వద్ద మునిగి సుమారు 50 మంది మరణించారు. నదులు వేరు, కారణాలు మాత్రం ఎక్కడైనా ఇవే: లేని అనుమతి, ఎక్కువైన ప్రవాహం, పట్టింపు లేని జాగ్రత్త.

కాశీలో పడవలకు నగరపాలక సంస్థ లైసెన్సు ఇస్తుంది. ఆ సంఖ్య పడవపై ఉన్నదో లేదో చూడాలి. ప్రాణరక్షక జాకెట్టు ప్రతి ఒక్కరికీ ఉండాలి. అది బల్ల క్రింద కట్టలుగా కాక ఒంటిపై, పట్టీలు బిగించి ఉండాలి. ప్రమాదం వచ్చాక ధరించే వ్యవధి దొరకదు. పెద్దవారి జాకెట్టు పిల్లలకు పనికిరాదు, నీటిలో పడితే తల మీదుగా జారిపోతుంది. పిల్లల కొలత జాకెట్టు లేని పడవను వదిలివేయడమే సరి. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు చేరడం, పడవ నుండి పడవకు దాటడం ప్రమాదకరం. ఒడ్డు మెట్లపై పాచి ఉంటుంది కనుక వృద్ధులను ఇద్దరు పట్టుకొని ఎక్కించాలి.

ఎక్కేముందు అడగవలసినవి

1. ధర తలకా, మొత్తం పడవకా?
2. ఎక్కడి నుండి ఎక్కడికి, ఎంతసేపు, ఎక్కడ దింపుతారు?
3. ఇంకా ఎవరినైనా ఎక్కిస్తారా? మొత్తం ఎంతమంది?
4. పిల్లలతో సహా అందరికీ జాకెట్లు ఉన్నాయా?
5. ఈ రోజు నదిపై నిషేధం గాని, ఆంక్ష గాని ఉన్నదా?
6. హారతి పడవ అయితే, ఏ వరుసలో నిలుపుతారు?

ఈ ఆరింటికీ సూటిగా సమాధానం చెప్పే పడవవాడు ఏ ఘట్టంలోనైనా దొరుకుతాడు. సమాధానం దాటవేసినవానిని విడిచి, ప్రక్క పడవను అడగడానికి నాలుగు మెట్ల దూరమే నడవాలి.