సొట్ట తీయు విద్య

ఫాల్గుణ చైత్రములలో ఉత్తర తెలంగాణమునకు రాళ్ళవాన క్రొత్త కాదు. బంగాళాఖాతము నుండి వచ్చు తేమగాలి, వాయవ్యము నుండి వచ్చు పొడిగాలి ఇచ్చట కలిసికొనును. ఎండకు కాగిన నేల ఆ తేమగాలిని నిటారుగా పైకి త్రోయును. మేఘములోని నీటిబిందువులు గడ్డకట్టి, గాలిపోటునకు క్రిందికి జారక, పొరమీద పొర పేర్చుకొని, గాలి మోయలేనంత బరువెక్కినప్పుడు నేలకు రాలును. నిమ్మపండంత రాయి గంటకు 40 నుండి 65 కిలోమీటర్ల వేగముతో పడును. 2023 మార్చి నెలలో కరీంనగరు మొదలగు జిల్లాలలో ఇట్టి వాన చేతికి వచ్చిన పంటలను దెబ్బతీసినది.

రైతు నష్టము ముందు బండి రేకు మీది సొట్టలు చిన్నవే. అయినను ఖానాపూరు నుండి నిర్మలునకో, జగిత్యాలకో సరుకు మోసి బ్రతుకువానికి ఆ బండియే పొలము. రూపు చెడిన బండికి అమ్మునాడు ధర తగ్గును. రంగు లేచిన రేకునకు తొలకరితోనే తుప్పు పట్టును. కావున సొట్ట తీయు విద్య ఎచ్చటినుండి వచ్చినది, అది నేడు మనకు చూపు మార్గములెవ్వి అని విచారించుట అప్రస్తుతము కాదని తలచుచున్నాము.

ఈ సీమవారికి లోహముతో చెలిమి ప్రాచీనమైనది. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, పిదప నిర్మలు జిల్లాలో చేరిన ఖానాపూరునకు పడమటి దెసను దిమ్మదుర్తి గ్రామము కలదు. ఆ గ్రామమునను, గోదావరి కావలనున్న కోనసముద్రమునను పూర్వము మూసలలో ఉక్కు వండెడివారు. హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞుడు కోనసముద్రపు కొలుములను చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. కత్తులకు పేరెన్నికగన్న ఆ ఉక్కుకై పారశీక వర్తకులు అంతదూరము నుండి వచ్చెడివారు.

అయితే ఉక్కు వండుట వేరు, రేకు మలచుట వేరు. రేకు పని కంచరివారిది. ఇత్తడి బిందె నూతిగట్టుకు తగిలి సొట్టపడినప్పుడు, కంచరి దాని లోపల వంపు తిరిగిన ఇనుపదిమ్మె నానించి, వెలుపల కొయ్యసుత్తితో సొట్ట అంచు చుట్టును మెల్లగా తట్టుచు నడిమికి వచ్చును. దిమ్మె సొట్టను పైకి మోయును. సుత్తి చుట్టును ఉబ్బిన అంచును దించును. తొందరపడి గట్టిగా మోదినచో రేకు సాగును. సాగిన రేకు మరల తనచోట ఇముడదు. జనగామ చెంతనున్న పెంబర్తిలో కంచరులు లక్కమీద ఇత్తడి రేకును పరచి, వెనుకనుండి పొడిచి బొమ్మలను ఉబ్బింతురు. వారు లేని రూపమును తెచ్చుచున్నారు. సొట్ట తీయువాడు పోయిన రూపమును తెచ్చుచున్నాడు. రేకును లొంగదీయు తీరు మాత్రము ఇద్దరికిని ఒక్కటియే.

మోటారు బండికిని ఈ సూత్రమే పనికివచ్చినది. 1932 జూన్ 15న నిజాము స్టేటు రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది పనివారితో ఆరంభించెను. ఆ శాఖ 1951లో హైదరాబాదు ప్రభుత్వము చేతికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారెను. బస్సులు పెరిగిన కొలది వానిని బాగుచేయు షెడ్లును పెరిగినవి. టింకరింగు పనివాడు చేతపట్టు ‘డాలీ’ అను ఇనుపదిమ్మె కంచరి దిమ్మెకు తోబుట్టువే. సుత్తికి లొంగని గుంటలలో తొలినాళ్ళ పనివారు సీసము, తగరముల మిశ్రమమును కరిగించి నింపెడివారు. తరువాత పుట్టీ వచ్చినది. పని త్వరగా సాగినది. కాని పుట్టీ క్రింద రేకు సరియైనదో కాదో చూచువారు తగ్గిరి.

రేకు మారినప్పుడెల్ల వైద్యమును మారినది. 1950ల చివర వచ్చిన అంబాసిడరు కారు రేకు దళసరి. ఎన్ని సుత్తిదెబ్బలైనను అది ఓర్చుకొనెడిది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినది. బరువు తగ్గి, పెట్రోలు ఆదా అయినది, రేకు పలుచనైనది. నేటి కార్ల పై రేకు మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరులో మూడు పాళ్ళు మాత్రమే. దానిమీద పాతకాలపు సుత్తి పనిచేసినచో సొట్ట పోయి అలలు మిగులును.

ఈ పరిస్థితిలో నేడు బండి యజమానికి మూడు దారులు కలవు. వడగల్లు పడినచోట రంగు చిట్లకున్నచో, రంగు జోలికి పోకుండ సొట్ట తీయుట మొదటిది. కొన వంగిన ఉక్కుకడ్డీని రేకు వెనుకకు చొప్పించి, దీపపు వెలుగు రేకుమీద ఎట్లు వంగుచున్నదో చూచుచు, కొద్దికొద్దిగా నెట్టుదురు. వెనుకకు చేయి పోనిచోట జిగురుతో బిళ్ళ నంటించి ముందునుండి లాగుదురు. కర్మాగారమున వేసిన రంగు అట్లే నిలుచును. రాళ్ళవాన సొట్టలలో పెక్కింటికి ఇదియే తగిన చికిత్స.

రంగు చిట్లినచో రెండవ దారి తప్పదు: సుత్తితో సరిచేసి, పలుచగా పుట్టీ పెట్టి, అరగదీసి, ప్రైమరు పూసి, రంగు వేయుట. పుట్టీ దట్టమైనచో బండి కుదుపులకు బీటలు వారును. రేకు మడతపడినచో, అంచు చిరిగినచో ఆ భాగమునే మార్చుట మూడవది. బంపరు ప్లాస్టికుదైనచో వేడినీరు పోసి మెత్తపరచి, లోపలనుండి నెట్టినచో తరచుగా తన రూపమునకు వచ్చును. ఆ ఉపాయము ఉక్కురేకుకు చెల్లదు.

బీమా మాటయు చెప్పవలెను. మనదేశమున 1946 జూలై 1 నుండి తప్పనిసరియైనది ఎదుటివారి నష్టమునకు చేయు బీమా మాత్రమే. వడగండ్ల నష్టము అందులో చేరదు. స్వంత బండి నష్టమునకు కూడ బీమా చేసినవారికే అది దక్కును. అట్టివారును లెక్క చూచుకొనవలెను. ఒక యేడు పరిహారము కోరనివానికి స్వంత నష్టపు రుసుములో నూటికి 20, వరుసగా ఐదేండ్లు కోరనివానికి నూటికి 50 తగ్గింపు కలదు. రెండు మూడు సొట్టల కొరకు దానిని పోగొట్టుకొనుట లాభము కాకపోవచ్చును. బండి పైకప్పంతయు గుంటలు పడినచో కోరుటయే న్యాయము.

ఈ మూడు దారులలో మొదటిది అన్నిటికన్న క్రొత్తదిగా కనబడును. నిజమునకు అది కంచరి పద్ధతికి దగ్గరి చుట్టము. వెనుకనుండి నెట్టుట, అంచునుండి నడిమికి వచ్చుట, తొందరపడకుండుట అతడు బిందెకు చేసినవే. ఇప్పుడు కష్టమేమన, భాగమును విప్పి క్రొత్తది బిగించుట తేలిక. రేకు నాడి తెలియుటకు ఏండ్లు పట్టును. తేలిక పనికే కూలి దొరకుచున్నంతకాలము కష్టమైనది నేర్చుటకు కుర్రవాడు ముందుకు రాడు. కావున రాళ్ళవాన వెలిసిన మరునాడు షెడ్డుకు పోవు యజమాని, ‘దీనిని మార్చుము’ అనుటకు ముందు, ‘ఇది తీయవచ్చునా?’ అని అడుగుట మేలు. ఆ ప్రశ్న అడుగువారున్నప్పుడే జవాబు చెప్పగల చేతులును ఉండును.