నీటిని త్రోసివేయు పొర

స్విట్జర్లండు దేశస్థుడైన జాక్ బ్రాండెన్‌బర్గర్ ఫ్రాన్సులోని వస్త్ర పరిశ్రమలో పనిచేసిన రసాయనజ్ఞుడు. 1900 ప్రాంతమున ఒక భోజనశాలలో బల్లగుడ్డపై ద్రాక్షసారా ఒలుకుట చూచి, తడి అంటని గుడ్డను చేయవలెనని ఆయన సంకల్పించెనని చెప్పుదురు. గుడ్డకు విస్కోసు ద్రవమును పట్టించి చూచెను. గుడ్డ బిరుసెక్కినది, పైపూత మాత్రము పారదర్శకమైన పొరగా ఊడివచ్చినది. ఆయన గుడ్డను విడిచి ఆ పొరనే పట్టుకొనెను. 1908లో దానిని తయారుచేయు యంత్రమును నిర్మించెను. ఆ పొరయే సెల్లోఫేన్.

ఇందొక వింత కలదు. నీటిని దూరముంచు ప్రయత్నములో పుట్టిన ఈ పొరకు నీటిపై మక్కువ ఎక్కువ! సెల్లోఫేన్ అనగా సెల్యులోజే. దాని అణువులోని ప్రతి గ్లూకోజు భాగమునకు మూడేసి హైడ్రాక్సిల్ సమూహములుండును. ఇవి హైడ్రోజన్ బంధములచే నీటి అణువులను పట్టుకొనును. కనుక నీరు పొరగుండ కారకపోయినను, నీటి ఆవిరి సులభముగా దాటిపోవును. 1924 నుండి అమెరికాలో డూపాంట్ సంస్థ దీనిని తయారుచేయసాగెను. పొరలో చుట్టిన మిఠాయిలు అంటుకొనుచున్నవనియు, చుట్టలు ఎండిపోవుచున్నవనియు ఫిర్యాదులు వచ్చినవి.

1927లో ఆ సంస్థ రసాయనజ్ఞుడు విలియం హేల్ చార్చ్, మైనము కలిపిన నైట్రోసెల్యులోజు వార్నిషును అతిపలుచగా పూసి ఈ చిక్కు విడదీసెను. పారదర్శకత చెడలేదు, ఆవిరి ఆగినది. అయితే ఇది పైపూత మాత్రమే.

పదార్థముతోనే రసాయనికముగా ముడిపడు రక్షణ మరియొకచోట లభించెను. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన వింటన్ పాట్నోడ్ కాగితము, నూలుగుడ్డ వంటి వాటికి మిథైల్ క్లోరోసిలేను ఆవిరి పట్టించు పద్ధతికి 1942లో పేటెంటు పొందెను. ఇవియు సెల్యులోజు మయములే. క్లోరిను హైడ్రోజనుతో కూడి హైడ్రోక్లోరికామ్లముగా వెడలిపోవును; సిలికాను ఆక్సిజనును పట్టుకొని నిలుచును; నీటికి గిట్టని మిథైల్ సమూహములు వెలుపలివైపు తిరిగియుండును. నీటిని పిలిచిన హైడ్రాక్సిలే ఇప్పుడు దానిని గెంటివేయు పూతకు కొక్కెమైనది! వెడలిన ఆమ్లము నారను పాడుచేయును గనుక, వెంటనే అమ్మోనియాతో దానిని తటస్థీకరింపవలెను.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. శుభ్రమైన గాజుపలకపై ఒక నీటిబొట్టును, మైనము రుద్దిన పలకపై ఇంకొక బొట్టును ఉంచి ప్రక్కనుండి చూడుడు. మొదటిది పరచుకొనును, రెండవది ముత్యమువలె నిలుచును. బొట్టు అంచు పలకతో చేయు కోణమునకు స్పర్శకోణమని పేరు. అది 90 డిగ్రీలు మించిన ఆ తలము నీటిని వికర్షించునందురు. రెండు పలకలును గాజువే. భేదమంతయు పైపొరలోనే కలదు.